ఒక దేశంలో పునరుత్పాదక ఇంధనం, ఇంధన పొదుపు ఎన్ని ఉద్యోగాలు ఇవ్వగలవో లెక్కకట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ చేతిలో సౌర, పవన వనరుల మ్యాపులున్నాయి. పదేళ్లలో 3,000 మెగావాట్ల సౌర విద్యుత్తు, ఏటా 20,000 ఇళ్లకు ఇన్సులేషన్ (వేడి, చలి చొరబడకుండా గోడలకు, అటకలకు వేసే పొర) అని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. వీటివల్ల దేశంలో ఎన్ని ఉద్యోగాలు వస్తాయో చెప్పాలి, దానికి ఏ నమూనా వాడాలి?

సూటిగా చెప్పాలంటే, మ్యాపుల్ని పక్కన పెట్టి ఏడాదివారీ పట్టికతో మొదలుపెట్టండి. ఉద్యోగాల సంఖ్యను తేల్చేవి మూడు: ఏ ఏడాది నిజంగా ఎన్ని మెగావాట్లు కడతారు, పెట్టే ఖర్చులో దేశం లోపల మిగిలేది ఎంత, ఆ పని తెలిసినవాళ్లు దొరుకుతారా లేదా. మొదటి విడతకు ఎంప్లాయ్‌మెంట్ ఫ్యాక్టర్లు (మెగావాటుకు ఎంత మనుషుల పని అవసరమో చెప్పే అంకెలు), ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. పరోక్ష ఉద్యోగాల కోసం తర్వాత ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలకు (ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొంటుందో చూపే జాతీయ పట్టికలు) వెళ్లవచ్చు. చివర ఇచ్చేది ఒకే అంకె కాకూడదు. కనిష్ఠం, గరిష్ఠం ఇవ్వాలి, అవి ఏ సంవత్సరానివో రాయాలి.

మ్యాపుల మీద ఎందుకు ఆధారపడొద్దంటే, ఎండ ఎంత ఉందన్నదానికీ ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయన్నదానికీ సంబంధం చాలా పలుచన. పెద్దగా ఎండ కాయని జర్మనీలో 2011 ప్రాంతంలో సౌర రంగంలో లక్షమందికి పైగా పనిచేశారు. ప్రోత్సాహకాలు తగ్గించాక నాలుగైదేళ్లలోనే ఆ సంఖ్య సగానికన్నా తక్కువకు పడిపోయింది. ఆ నాలుగైదేళ్లలో అక్కడ ఎండేమీ తగ్గలేదు. మ్యాపు చెప్పేది గరిష్ఠ పరిమితి మాత్రమే, దాదాపు ఏ దేశమూ ఆ పరిమితి దగ్గరికి కూడా వెళ్లదు. అంతకు చాలా ముందే గ్రిడ్డు, అప్పు మీద వడ్డీ, భూసేకరణ, విద్యుత్తు కొనే సంస్థ ఆర్థిక స్థితి అడ్డుపడతాయి.

ముందు కొలత తేల్చుకోండి

ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. నిర్మాణం, తయారీ పనుల్ని 'ఉద్యోగ-సంవత్సరాల్లో' కొలుస్తారు, అంటే ఒక మనిషి ఒక ఏడాది పూర్తికాలం చేసే పని. నిర్వహణ పనిని 'ఉద్యోగాల్లో' కొలుస్తారు, ప్లాంటు నడిచినన్నాళ్లూ ఉండే పని అది. ఈ రెండింటినీ కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు.

సిడ్నీ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో క్రోడీకరించిన ఫ్యాక్టర్లను చాలామంది వాడతారు. వాటి ప్రకారం సౌర ఫలకాల విద్యుత్తుకు మెగావాటుకు నిర్మాణంలో 13 ఉద్యోగ-సంవత్సరాలు, తయారీలో 6.7, నిర్వహణలో 0.7 ఉద్యోగం. నేల మీది పవన విద్యుత్తుకు ఇవే వరసగా 3.2, 4.7, 0.3. మీ 3,000 మెగావాట్లను పదేళ్లకు సమంగా పంచితే ఏటా 300. నిర్మాణంలో 300 × 13 = 3,900 మందికి ఆ పదేళ్లూ పని ఉంటుంది. పదకొండో ఏట కొత్త లక్ష్యం లేకపోతే ఆ పని సున్నా. ఈ 3,900ని పదితో గుణించి '39,000 ఉద్యోగాలు' అని ప్రకటించే నివేదికలు ఎన్నో ఉన్నాయి. అది పదేళ్ల పని మొత్తం. ఏ ఒక్క రోజూ అంతమంది పనిలో ఉండరు.

అయితే ఆ 13ని కూడా కళ్లు మూసుకుని తీసుకోవద్దు. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరీనా 2017లో 50 మెగావాట్ల సౌర ప్లాంటుకు కావలసిన పనిని విడదీసి లెక్కకట్టింది. ప్రణాళిక నుంచి కూల్చివేత దాకా మొత్తం 2,29,055 పనిదినాలు, అందులో బిగింపు, గ్రిడ్ అనుసంధానానికి 17 శాతం. అంటే సుమారు 39,000 పనిదినాలు. ఏడాదికి 230 పనిదినాలు అనుకుని, మెగావాట్లతో భాగిస్తే మెగావాటుకు 3.4 ఉద్యోగ-సంవత్సరాలు వస్తుంది. ఒకచోట 13, ఇంకోచోట 3.4! రెండూ వేర్వేరు పనుల్ని కొలుస్తున్నాయి. మొదటిదాంట్లో ఇళ్ల పైకప్పుల మీద బిగించే చిన్న వ్యవస్థలు కూడా కలిసి ఉన్నాయి, రెండోది విశాలమైన మైదానంలో ఒకేచోట కట్టే ప్లాంటు. భారతదేశంలో కంపెనీలను అడిగి తేల్చిన అంకెలు కూడా (వాటిలో డిజైన్, కొద్దిపాటి నిర్వహణ పని కూడా కలిసి ఉన్నాయి) ఇదే చెబుతాయి: నేల మీది ప్లాంట్లకు మెగావాటుకు 3.45, పైకప్పు వ్యవస్థలకు 24.72.

కాబట్టి పైకప్పు, మైదానం వాటాలు తెలియకుండా సౌర ఉద్యోగాల అంకె చెప్పకండి. మీ 300 మెగావాట్లలో 60 పైకప్పుల మీద, 240 నేల మీద అనుకుందాం. నేల మీద 240 × 3.4 = 816, పైకప్పుల మీద 60 × 24.7 = 1,482, మొత్తం దాదాపు 2,300. సామర్థ్యంలో ఐదో వంతు ఉన్న పైకప్పులు ఈ ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు ఇస్తున్నాయన్నమాట. విధానం రాసేవాళ్లకు ఇది మొత్తం అంకెకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

నిర్వహణకు 0.7 కూడా పెద్ద ప్లాంట్లకు ఎక్కువే. 0.3 నుంచి 0.7 దాకా పెట్టి చూడండి. పదో ఏట 3,000 మెగావాట్ల మీద 900 నుంచి 2,100 మంది. నిర్మాణం ఆగిపోయాక మిగిలేది ఈ అంకె ఒక్కటే.

ఏడాదివారీ వేగం

లక్ష్యాన్ని పదితో భాగించడం లెక్కకు సుఖం, వాస్తవంలో అలా జరగదు. మొదటి మూడేళ్లు టెండర్లు, అనుమతులు, సబ్‌స్టేషన్లతో గడిచిపోతాయి, చివర్లో పరుగు మొదలవుతుంది. ఆఖరి మూడేళ్లలో ఏటా 700 మెగావాట్లు కట్టాల్సి వస్తే పై లెక్క ప్రకారమే నిర్మాణంలో 5,300కి పైగా మనుషులు కావాలి, ఆ వెంటనే ఒక్కసారిగా అక్కర్లేకుండా పోతారు. స్పెయిన్‌లో ఇదే జరిగింది. 2008 ఒక్క ఏడాదిలో 2,600 మెగావాట్లకు పైగా సౌర సామర్థ్యం కట్టారు, ప్రభుత్వం పరిమితి విధించడంతో 2009లో పని దాదాపు ఆగిపోయింది.

దక్షిణాఫ్రికా కథ ఇంకో రకం. 2011లో మొదలైన వేలం కార్యక్రమం బాగానే నడిచింది. తర్వాత జాతీయ విద్యుత్ సంస్థ కొనుగోలు ఒప్పందాల మీద సంతకాలు నిలిపేయడంతో 27 ప్రాజెక్టులు 2018 ఏప్రిల్ దాకా అలాగే ఆగిపోయాయి. ఆర్డర్లను నమ్ముకుని పెట్టిన స్థానిక కర్మాగారాలు మొదట దెబ్బతినేది ఇలాంటి ఖాళీలోనే. అందుకే కనీసం మూడు వేగాలతో లెక్క వేయండి: సమంగా, ఆలస్యంగా మొదలై చివర్లో పరుగు, మధ్యలో రెండేళ్ల విరామం. మొత్తం మెగావాట్లు ఒకటే అయినా గరిష్ఠ ఏడాది అంకెలు ఎంత తేడాగా వస్తాయో మీకే కనిపిస్తుంది.

దేశంలో మిగిలేది ఎంత

తయారీ ఫ్యాక్టర్ 6.7ను 300తో గుణిస్తే 2,010. ఇది మీ దేశపు అంకె కాదు. సౌర ఫలకాల తయారీలో ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం దాటిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో లెక్క తేల్చింది. సెల్స్, వాటికి మూలమైన పలుచటి సిలికాన్ బిళ్లలు (వేఫర్లు) దిగుమతి చేసుకునే దేశంలో ఆ 2,010లో పదో వంతు మిగిలినా మంచిదే.

స్థానిక వాటాను ఒకే శాతంగా పెట్టకుండా భాగాలవారీగా విడదీయండి. ఫలకాలను బిగించే ఉక్కు చట్రాలు, కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కాంక్రీటు పని, కంచె, రవాణా చాలా దేశాల్లో స్థానికంగానే దొరుకుతాయి. ఇన్వర్టర్లు దొరకడం అరుదు. పవన విద్యుత్తులో టవర్లు భారీగా ఉంటాయి కాబట్టి దూరం నుంచి తేవడం ఖర్చు, స్థానిక తయారీకి అదే అవకాశం. గేర్‌బాక్సులు, జనరేటర్ల సంగతి వేరు. సౌర వాటర్ హీటర్లను చిన్న దేశాలు కూడా చేసుకోగలవు. బార్బడోస్‌లో 1970ల నుంచి ఆ పరిశ్రమ ఉంది. తయారీ ఉద్యోగాల కల ఉన్న దేశాలు ఫలకాల కర్మాగారం గురించే మాట్లాడతాయి గానీ, చాలా చోట్ల అసలు అవకాశం ఉక్కు చట్రాల్లో, కేబుళ్లలో ఉంటుంది.

ఇక ప్రాంతీయ గుణకం. సిడ్నీ పరిశోధకుల 2015 పద్ధతిలో అభివృద్ధి చెందిన దేశాల ఫ్యాక్టర్లను పేద దేశాలకు వాడేటప్పుడు, కార్మిక ఉత్పాదకత తేడాను బట్టి ఫ్యాక్టర్ పెంచుతారు. మనిషి వేతనం తక్కువైన చోట యంత్రం బదులు మనుషుల్ని పెడతారన్నది తర్కం. చిన్న పనులకు ఇది సబబే. పెద్ద ప్లాంట్లకు మాత్రం జాగ్రత్త: అదే అంతర్జాతీయ కాంట్రాక్టరు, అవే యంత్రాలు, అదే గడువు. అక్కడ ఫ్యాక్టర్‌ను మూడు నాలుగు రెట్లు పెంచితే అంచనా గాలిలో తేలుతుంది. స్థానికంగా సర్వే చేసి తెచ్చిన ఫ్యాక్టర్ మీద ఈ గుణకం అసలే వేయకూడదు, ఎందుకంటే ఆ తేడా అందులో ముందే ఉంది.

ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టిక ఎప్పుడు?

పరోక్ష ఉద్యోగాలు (ఉక్కు, సిమెంటు, రవాణా, సేవలు) కావాలంటే ఇది తప్పదు. అయితే పట్టికలో 'సౌర విద్యుత్తు' అనే వరస ఉండదు. అంతర్జాతీయ పరిశ్రమల వర్గీకరణ నాలుగో సవరణలో విద్యుత్ ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ మొత్తం 3510 అనే ఒక్క కోడ్ కిందే ఉన్నాయి. ఆ వరస గుణకాన్ని నేరుగా వాడితే పాత బొగ్గు ప్లాంట్ల ఖర్చుల స్వరూపం సౌర విద్యుత్తుకు అంటుకుంటుంది. చేయాల్సింది ఇది: ప్రాజెక్టు ఖర్చును విద్యుత్ పరికరాలు, లోహ వస్తువులు, నిర్మాణం, ఇంజనీరింగ్ సేవలు, రవాణా, ఆర్థిక సేవలుగా విడదీయండి. దిగుమతుల్ని తీసేయండి. కొనుగోలు ధరల్లోంచి వ్యాపార, రవాణా మార్జిన్లను వేరు చేసి ఆయా వరసల్లో వేయండి. మిగిలిన స్థానిక ఖర్చునే పట్టికలోకి పంపండి. నిర్మాణానికి ఒక ఖర్చు జాబితా, నిర్వహణకు వేరొకటి ఉండాలి.

పట్టిక ఏ ఏడాదిదో చూడండి. ఏడెనిమిదేళ్ల పాత పట్టికతో నేటి ఖర్చును గుణించేటప్పుడు ధరల సవరణ మరిచిపోతే, ద్రవ్యోల్బణమంతా ఉద్యోగాలుగా మారి కనిపిస్తుంది. కార్మికులు జీతం ఖర్చు పెట్టడంవల్ల వచ్చే ప్రేరిత ఉద్యోగాల్ని వేరే నిలువు వరసలో చూపండి, ప్రత్యక్ష ఉద్యోగాలతో కలపకండి. ఇంకో విషయం, ఈ నమూనా దేశంలో ఖాళీగా ఉన్న కార్మికులు కావలసినంతమంది ఉన్నారని అనుకుంటుంది. ఎలక్ట్రీషియన్లకు అప్పటికే కొరత ఉన్న చోట ఆ ఊహ చెల్లదు.

వేతనంతో ఒక సరిచూత. నమూనా ఎంత గొప్పదైనా ఈ పరీక్ష తప్పించొద్దు. స్థానిక ఖర్చు కోటి డాలర్లు, అందులో కూలి, జీతాలు 30 శాతం అంటే 30 లక్షలు. ఒక కార్మికుడిపై ఏడాదికి అయ్యే ఖర్చు 10,000 అయితే ప్రత్యక్షంగా 300 ఉద్యోగ-సంవత్సరాలు మించలేవు. నమూనా 900 చెబితే ఎక్కడో దిగుమతుల్ని స్థానికంగా లెక్కేశారు, లేదా పాత ధరలు ఉన్నాయి. అమెరికాకు 2017లో ఒక అధ్యయనం పది లక్షల డాలర్ల ఖర్చుకు పునరుత్పాదకాల్లో 7.49, ఇంధన పొదుపులో 7.72, శిలాజ ఇంధనాల్లో 2.65 పూర్తికాల ఉద్యోగాలని తేల్చింది. ఆ నిష్పత్తి మీకు ఆసక్తికరం కావచ్చు గానీ అంకెల్ని మాత్రం మీ దేశానికి ఎత్తుకురావద్దు, వేతనాలు వేరు.

ఇంధన పొదుపుకు మెగావాట్లు పనికిరావు

ఇక్కడ భవనాలు, పనిదినాలే కొలత. ఏటా 20,000 ఇళ్లు, ఇంటికి బిగింపు పని 15 పనిదినాలు అనుకుంటే 3,00,000 పనిదినాలు. 230తో భాగిస్తే సుమారు 1,300 మంది. ముందస్తు తనిఖీకి, పని అయ్యాక నాణ్యత చూడటానికి కలిపి ఇంటికి ఒకటిన్నర రోజు వేస్తే ఇంకో 130 మంది. ఈ 15 ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. అటకలో ఇన్సులేషన్ పరచడం ఇద్దరికి ఒక పూట పని, బయటి గోడలకు వేయాలంటే పరంజా కట్టి వారాలు పడుతుంది. ఇళ్లను మూడు నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి పనిచేసే బృందాలనే అడిగి రోజులు తెలుసుకోండి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020లో భవనాల పొదుపు పనులకు పది లక్షల డాలర్లకు 9 నుంచి 30 ఉద్యోగాలని చెప్పింది. మూడు రెట్ల తేడా ఉన్న అంచనా అది, దాని మధ్య అంకె తీసుకుని ఊరుకుంటే పని చేసినట్టు కాదు.

బల్బులు మార్చడం, ఫ్రిజ్‌లకు ప్రమాణాలు పెట్టడం లాంటివి విద్యుత్తు బాగా ఆదా చేస్తాయి, ప్రత్యక్ష ఉద్యోగాలు మాత్రం దాదాపు ఉండవు. అక్కడ లాభం ఆదా అయిన డబ్బును జనం వేరేచోట ఖర్చు పెట్టడంలో ఉంది. విద్యుత్ రంగంలో ప్రతి డాలరుకూ పనిచేసే మనుషులు తక్కువ, కాబట్టి ఆ డబ్బు సేవల వైపు మళ్లితే ఉద్యోగాలు పెరుగుతాయి. కాకపోతే ఇంటివాళ్లు అప్పు తీసుకుని పని చేయించుకుంటే, ఆ అప్పు తీరేదాకా ఆదా అంతా వాయిదాలకే పోతుంది. ఈ ఆలస్యాన్ని లెక్కలో పెట్టండి.

పొదుపు కార్యక్రమాల్లో కాగితం మీది ఉద్యోగాలు మాయం కావడానికి బ్రిటన్‌లో 2020లో మొదలైన ఇళ్ల గ్రాంటు పథకం మంచి ఉదాహరణ. 6,00,000 ఇళ్లు, ఆరు నెలలపాటు 82,500 దాకా ఉద్యోగాలు అనుకున్నారు. చివరికి 47,500 ఇళ్లు, ఏడాదిపాటు 5,600 ఉద్యోగాలు. గడువు మరీ తక్కువ, గుర్తింపు పొందిన బిగింపుదారులు చాలినంతమంది లేరు, వోచర్ల జారీ నత్తనడక నడిచింది. ఆరు నెలల పథకం కోసం కొత్తవాళ్లను పెట్టుకుని శిక్షణ ఇప్పించే కాంట్రాక్టరు ఎవరుంటారు?

దీనికి పూర్తిగా ఎదురు కోణం ఆస్ట్రేలియా. 2009–10లో అటకల ఇన్సులేషన్ పథకం పది లక్షలకు పైగా ఇళ్లకు చేరింది, వేగం విషయంలో గెలిచింది. కానీ శిక్షణ లేనివాళ్లు గుంపుగా రంగంలోకి దిగారు. నలుగురు యువ కార్మికులు చనిపోయారు, ఇళ్లలో మంటలు చెలరేగాయి, 2010 ఫిబ్రవరిలో పథకాన్ని ఆపేశారు, అప్పటిదాకా నిలకడగా నడుస్తున్న పాత సంస్థలూ మునిగాయి. నైపుణ్యం ఉన్నవాళ్ల సంఖ్య ఏటా ఎంత పెరగగలదో, అదే ఉద్యోగాల అంచనాకు గరిష్ఠ పరిమితి. ఫలకాలు బిగించే పని కొన్ని వారాల్లో నేర్పవచ్చు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి మొత్తం అంకెను వృత్తులవారీగా విడదీసి, ప్రతి వృత్తిలో ప్రస్తుత సంఖ్య, ఏటా బయటకు వచ్చే శిక్షితుల సంఖ్య పక్కన పెట్టి చూడండి.

మెగావాటు మాయ, నికర లెక్క

సాంకేతికతల్ని మెగావాటుకు ఇన్ని ఉద్యోగాలని పోల్చకండి. 20 శాతం సామర్థ్య వినియోగంతో (ఏడాదంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చేదాంట్లో నిజంగా వచ్చే వాటా) ఒక మెగావాటు సౌర విద్యుత్తు ఏడాదికి 1,752 మెగావాట్-గంటలు ఇస్తుంది. 35 శాతంతో పవన విద్యుత్తు 3,066 ఇస్తుంది. పోలిస్తే ఉత్పత్తి యూనిట్ మీద, జీవితకాలం మొత్తానికి పోల్చాలి. యూనిట్‌కు ఎక్కువ మంది అవసరమవడం కూడా దానికదే గొప్ప కాదు, విద్యుత్తు ఖరీదవడానికి అది కూడా ఒక కారణం. పైకప్పు సౌర విద్యుత్తు పెద్ద ప్లాంటుకన్నా ఖర్చు ఎక్కువ అవడంలో మనుషుల వాటా తక్కువేమీ కాదు.

నికర లెక్కలో నాలుగు తీసివేతలు చూడాలి. మూతపడే బొగ్గు, డీజిల్ ప్లాంట్లు, గనుల ఉద్యోగాలు. సబ్సిడీ కోసం వేరేచోట తగ్గించిన ప్రభుత్వ ఖర్చు. కరెంటు ధర పెరిగితే పరిశ్రమల మీద పడే భారం. నాలుగోది తరచూ మరిచిపోయేది: అదే ఎలక్ట్రీషియన్ పాత పని వదిలి ఇక్కడికి వస్తే అది కొత్త ఉద్యోగం కాదు. ఇంధనం దిగుమతి చేసుకునే దేశానికి నికర లెక్క సాధారణంగా బాగుంటుంది, బయటికి పోయే డబ్బు లోపల మిగులుతుంది కాబట్టి. గనులున్న దేశంలో మొత్తం కూడిక ధనాత్మకంగా వచ్చినా, పోయే ఉద్యోగాలు ఒక జిల్లాలో, వచ్చేవి ఇంకో జిల్లాలో ఉంటాయి. కాబట్టి ప్రాంతాలవారీగా కూడా చూపండి. నికర లెక్కకు సమయం, డేటా లేకపోతే నివేదిక మొదటి పేజీలోనే 'ఇది స్థూల అంచనా, తీసివేతలు చేయలేదు' అని రాసేయండి.

జీవద్రవ్యం (పంట వ్యర్థాలు, కట్టెల లాంటి ఇంధనం) ఉంటే అదో ప్రత్యేక ప్రపంచం. అందులో ఉద్యోగాలు ప్లాంటులో కన్నా ఇంధనం సేకరణలో ఎక్కువ. అవి చాలావరకు కొన్ని నెలల పని, పైగా ఏ రికార్డులోనూ ఉండవు. పూర్తికాలానికి మార్చకుండా తలలు లెక్కిస్తే సంఖ్య ఊరికే ఉబ్బుతుంది.

చివరగా, అంచనాను ఇప్పుడున్న వాస్తవంతో ఒకసారి ఢీకొట్టించండి. దేశంలో ఇప్పటికే నడుస్తున్న ప్లాంట్లలో ఓ పదింటికి వెళ్లి సెక్యూరిటీ, గడ్డి కోత, ఫలకాలు కడిగేవాళ్లతో సహా హాజరు పట్టీ అడగండి. గత ఏడాది బిగించిన పైకప్పు సామర్థ్యాన్ని ఆ పని చేసిన సంస్థల సిబ్బందితో పోల్చండి. అధికారిక గణాంకాల్లో ఇవి దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ కూడా 2010, 2011 సంవత్సరాలకు హరిత ఉద్యోగాల సర్వే చేసి, నిధుల కోతతో 2013లో దాన్ని ఆపేసింది. పది ప్లాంట్లు, ముప్పై బిగింపు సంస్థల చిన్న సర్వే చాలు, మీ ఫ్యాక్టర్ మూడా, పదమూడా అన్నది తేలిపోతుంది. మీ దగ్గర పైకప్పు, మైదానం విభజన, స్థానిక వాటా అంకెలు ఉంటే ఇక్కడ పెట్టండి, పట్టిక ఎలా అమర్చాలో చూద్దాం.